మూడో దుంగ

ఆ బ్రష్షు పక్కన పెట్టెయ్యి, ఒరీస్యా తల్లీ. దుంగలు ఎక్కడికీ పోవు. బల్ల సొరుగులో గీతల నోటుబుక్కు ఉంది, పెన్ను కూడా అందులోనే ఉంటుంది. తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చో. నడుముకి దిండు పెట్టుకో, ఏడో నెల కదా. నేను చెబుతాను, నువ్వు రాయి. ఈ తాత మాట నత్తనడక అని మీరంతా విసుక్కుంటారు గానీ, ఇవాళ ఆ నెమ్మదే నీ చేతికి పనికొస్తుంది.

"దేని గురించి తాతయ్యా?" అన్నావు. అది కూడా రాయి. ఇందాక నువ్వు నేల మీద పాత పేపర్లు పరుస్తూ నవ్వుతూ అన్న మాట గురించి.

"అమ్మకి తెలిస్తే నన్ను చంపేస్తుంది. ఈ పొయ్యి దుంగల మీద చెయ్యి వెయ్యనని నాతో ఒట్టు వేయించుకుంది," అన్నావు. నేను ఏదో అనబోయేలోపే, "పురుటికి కూడా రానంటోంది తాతయ్యా. పసిబిడ్డని నాకు ఇవ్వకు, నా చేతుల మీద నాకే నమ్మకం లేదు అంటోంది," అన్నావు. అప్పుడు నీ మొహంలో నవ్వు లేదు.

పొద్దున పదింటికి మీ అమ్మ నిన్ను నా వాకిట్లో దింపి వెళ్ళింది. నాలుగింటికి మళ్ళీ వస్తుంది. ఇంజను ఆపకుండా కారులోనే కూర్చుంటుంది. తొమ్మిదేళ్ళుగా అంతే. ఈ గుమ్మం తొక్కదు. ఎందుకో తమకి తెలుసని అందరూ అనుకుంటారు. మీ నాన్న రోమన్ కూడా అలాగే అనుకుంటాడు. తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనొకణ్ణి, మీ నానమ్మ దోకియా ఒకతి. ఆమె పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు నేను ఒక్కణ్ణే మిగిలాను, నాకు ఎనభై నాలుగు. అందుకని రాయి.

నేను పుట్టిన పొలం ఇంట్లో గదికి సగం మట్టి పొయ్యే ఉండేది. వంట దాని లోపల, నిద్ర దాని పైన. మూడో తరగతిలో బడి మానిపించి నా చేతికి గొడ్డలి ఇచ్చారు. ఆ తర్వాత మా అమ్మ నాకు నేర్పిన చదువు ఒక్కటే. మంట అణిగి బొగ్గులు ఎర్రగా మిగిలాక, పైన పొగగొట్టం మూత వేసెయ్యాలి. అప్పుడు వేడి ఎటూ పోదు, తెల్లారేదాకా ఇంట్లోనే ఉంటుంది. కానీ బొగ్గుల మీద నీలి మంట ఆడుతున్నంతసేపూ మూత ముట్టుకోకూడదు.

"నీలి మంట ఉండగా మూత వేస్తే పొద్దున ఎవరూ లేవరు రా ప్రోకిప్," అనేది. పక్క పొలం వాళ్ళింట్లో ఒక చలికాలం ముగ్గురు లేవలేదు. అందుకే మా అమ్మ ఆ మాట చెప్పేటప్పుడు నా చెవి పట్టుకుని చెప్పేది.

అప్పటి నుంచి ఏ ఇంట్లో ఉన్నా నిప్పు నాదే. ఈ డాఫిన్ ఊళ్ళోకి వచ్చి చలి కాచుకునే ఈ ఇటుక పొయ్యి ఉన్న ఇల్లు కొన్నాక కూడా, మీ నానమ్మ వంటగదికి యజమానురాలు, నేను పొయ్యికి యజమానిని. ఒక జనవరిలో కట్టెల మోపుతో మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నాను. నేను మంచం మీద ఉండగానే మీ నాన్న ఈ పొయ్యిలోకి గ్యాస్ తెప్పించాడు. ఇనప కమ్మీల మీద ఆరు మట్టి దుంగలు పేర్చారు. చూడ్డానికి అచ్చం కట్టెల్లా, బెరడు, ముడి, పగులు అన్నీ ఉన్నాయి. మీట నొక్కితే మంట. కట్టె లేదు, బూడిద లేదు. నాకు పనీ లేదు.

బిగించిన మనిషి పొయ్యిలో తల దూర్చి, పైన మూత అంచుకి ఒక చిన్న ఇనప పట్టీ పెట్టి మర బిగించాడు. "పెద్దాయనా, మూత పూర్తిగా పడిపోకుండా ఇది పట్టి ఉంచుతుంది. దీన్ని ఎప్పుడూ తీయకండి," అన్నాడు. సరేనన్నాను. నా ఇంట్లో నా పొయ్యి గురించి ఇరవై అయిదేళ్ళవాడు నాకు చెప్పడమేమిటని లోపల అనుకున్నాను.

ఇక మీ అమ్మ స్లావ్కా. గ్యాస్‌తో వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది ఈ ఇంట్లో ఆమె ఒక్కతే. ఏటా చలి ముదరకముందు ఒక శనివారం వచ్చేది. గ్యాస్ కట్టేసి, అంతా చల్లబడేదాకా వంటగదిలో అత్తగారితో టీ తాగేది. తర్వాత నువ్వు ఇవాళ పరిచినట్టే పేపర్లు పరిచి, ఒక్కో దుంగనీ రెండు చేతులతో పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి కింద పెట్టేది. రంగులు వేసే మెత్తటి కుంచెతో దుమ్ము దులిపేది. గ్యాస్ వాసనకి సాలీళ్ళు వస్తాయట, ఆ సన్న గొట్టం మూతి దగ్గర గూడు కడతాయట. అది కూడా చూసి తీసేసేది. గాజు తలుపులు తుడిచేది. ఏ దుంగ ఎక్కడిదో పెన్సిలుతో బొమ్మ గీసి, అంకెలు వేసి పెట్టుకుంది. మూడో దుంగ మీద పెద్ద ముడి ఉంటుంది. ఆ ముడి గోడవైపు ఉండాలి. ఇటు తిప్పితే ముడి మంటకి అడ్డం పడి మసి కడుతుంది.

నేను ఈ కుర్చీలోంచి చూస్తూ ఊరుకునేవాణ్ణి కాదు.

"ఏంటి కోడలా, మట్టి దుంగకి తలంటు పోస్తున్నావా?"

"పోస్తున్నాను మామయ్యా. దీని తర్వాత వరస మీదే. మెడ వెనకాల కడుక్కుని ఎన్నాళ్ళయిందో!"

"నా నిప్పుకి ఎప్పుడూ స్నానం అక్కర్లేకపోయింది."

"మీ నిప్పుకి స్నానం లేకే అత్తయ్య కర్టెన్లు నలభై ఏళ్ళు నల్లగా ఉన్నాయి," అనేది. మీ నానమ్మ పూలు కుట్టే తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని, సూది గాల్లోనే ఆపి పడీ పడీ నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. కానీ ఒక సంగతి చెబుతాను, రాయి. నాకు నవ్వు రాలేదు. నా ఇంట్లో నిప్పు నాది కాకుండా పోయింది, అది నాకు మింగుడు పడలేదు.

తొమ్మిదేళ్ళ కిందట ఆ చలికాలం నీకు గుర్తుండే ఉంటుంది, నీకు పదిహేడు. డిసెంబరంతా మైనస్ ముప్పై అయిదు. మీ నానమ్మ రోజంతా పొయ్యి ముందే కూర్చుని కుట్టుకునేది. "ఏమయ్యా, మంట ఆపితే చాలు, పొయ్యిలోంచి చల్లగాలి పాదాల మీదకి దిగుతోంది," అంది.

దిగకేం చేస్తుంది, మూత తెరిచి ఉందిగా! ఆకాశానికి కన్నం పెట్టుకుని ఇంట్లో వేడి చేసుకుంటున్నాం. ఒక పొద్దున ఆమె చర్చికి వెళ్ళినప్పుడు, మర విప్పి ఆ ఇనప పట్టీ తీసేశాను. మంట ఆపాక మూత వేసేవాణ్ణి, వెలిగించే ముందు తీసేవాణ్ణి. మా అమ్మ చేసినట్టే. చాలా రోజుల తర్వాత నా చేతికి పని దొరికింది. వారం గడిచాక, మంట సన్నగా ఉన్నప్పుడు కూడా మూత వేలెడు సందు ఉంచి మూసేవాణ్ణి. ఇల్లు ఎంత వెచ్చగా ఉండేదో! "చూశావా, నిప్పు తెలిసినవాడు ఉంటే ఎలా ఉంటుందో," అన్నాను మీ నానమ్మతో. ఏం చేశానో మాత్రం చెప్పలేదు.

కట్టె మంట అయితే పొగ వచ్చి కళ్ళు మండేవి, నా తప్పు నాకు చెప్పేసేది. గ్యాస్ మంటకి పొగ లేదు, దాని చెడు గాలికి వాసన లేదు. ఇంకో మాట. ఆ దుంగల కింద ఒక మూల చిటికెన వేలంత మంట పగలూ రాత్రీ ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. అది నీలి మంట. మా అమ్మ చెవి పట్టుకుని చెప్పిన నీలి మంట నా కళ్ళ ముందే ఉంది. అది దాని చెల్లెలే అని నాకు తట్టలేదు. కట్టెకి చెప్పిన మాట గ్యాస్‌కి ఎందుకు వర్తిస్తుంది అనుకున్నానో, అసలు ఏమీ అనుకోలేదో.

మీ అమ్మ పండక్కి తెచ్చి గోడకి తగిలించిన ఆ తెల్ల డబ్బా ఉండేది కదా, చెడు గాలి వస్తే అరిచేది. అది రోజుకి రెండుసార్లు అరవడం మొదలుపెట్టింది. "డిస్కౌంటులో కొంటే ఇలాగే ఉంటుంది," అని తిట్టి, దాన్ని తువ్వాల్లో చుట్టి గ్యారేజీలో బంగాళదుంపల బస్తా వెనక పెట్టాను.

జనవరిలో మీ నానమ్మకి తలనొప్పులు. కడుపులో తిప్పు. అన్నం సయించదు. నేను పగలంతా గ్యారేజీలోనో, మంచు ఎత్తుతూనో, కాఫీ కొట్టులో నా ఈడు వాళ్ళతోనో ఉండేవాణ్ణి కాబట్టి నాకు అంతగా తెలియలేదు. పొద్దున్నే తల దిమ్ముగా ఉంటే, రాత్రి తాగిన ఇంటి సారా మహిమ అనుకునేవాణ్ణి.

ఒక ఆదివారం మీరంతా భోజనానికి వచ్చారు. బంగాళదుంప కూరిన పిరోహీలు చేసింది. నువ్వే మొదట నోట్లో పెట్టుకుని ఆగిపోయావు. పిండిలో ఉప్పు రెండుసార్లు వేసింది. తర్వాత నిన్ను చూసి, "ఈ అమ్మాయి ఎవరి పిల్ల?" అని నన్ను అడిగింది.

మీ అమ్మ నన్ను వంటగదిలోకి పిలిచింది. "మామయ్యా, అత్తయ్యని డాక్టరుకి చూపించాలి. రేపే. ఇలా ఎన్నాళ్ళుగా ఉంది?"

"ఏ డాక్టరు? వయసు మీద పడితే ఉప్పు మర్చిపోరా?"

"మనవరాలిని మర్చిపోతారా? మీరు ఇంట్లో లేనప్పుడు ఏమైనా అయితే? కనిపెట్టి ఉండే మనిషి కావాలి. కాకపోతే నర్సులుండే చోటు ఏదైనా…"

నా చేతిలో గిన్నె ఉంది. సింకులో విసిరాను. "అదా నీ ఎత్తు! నా పొయ్యి తీసుకున్నావు, ఇప్పుడు నా పెళ్ళాన్ని వృద్ధాశ్రమంలో పారేస్తావా? నిన్ను ఎవరు అడిగారు? నీ దుంగలు దులుపుకోవడం అయిపోతే వెళ్ళు."

"నేను వెళ్తాను మామయ్యా. కానీ బుధవారం వచ్చి ఆమెని తీసుకెళ్తాను. మీరు గుమ్మానికి అడ్డం పడుకున్నా సరే," అంది. ఆమె గొంతు పెరగలేదు. నాదే పెరిగింది.

బుధవారం దాకా ఆగలేదు. మంగళవారం మధ్యాహ్నం నేను కాఫీ తాగి వచ్చేసరికి మీ నానమ్మ కుర్చీలోంచి పక్కకి ఒరిగి ఉంది. బుగ్గలు రోజాపువ్వు రంగులో ఉన్నాయి. ఎంత అందంగా ఉందో అనిపించింది ఒక్క క్షణం. అది చెడు గాలి పెట్టిన విషం రంగు అని ఆసుపత్రిలో చెప్పారు.

రక్తం పరీక్ష చేసి, "ఇంట్లో గ్యాస్ మంట ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. అప్పుడు, అమ్మలూ, నాకు అంతా తెలిసిపోయింది. చెవి దగ్గర మా అమ్మ చెయ్యి తగిలినట్టయింది.

రాయి. ఇక్కడ ఆపకు. ఈ తర్వాతదే రాయాలి.

మీ నానమ్మ గౌను, చెప్పులు తెస్తానని చెప్పి ఇంటికి వచ్చాను. కోటు కూడా విప్పలేదు. పొయ్యిలో తల దూర్చి, మూత తెరిచి, ఆ ఇనప పట్టీ మళ్ళీ పెట్టి మర బిగించాను. మోచెయ్యి తగిలి మూడో దుంగ దొర్లింది. దాన్ని ఎత్తి పెట్టేశాను. ముడి ఎటువైపు ఉందో చూడలేదు.

మర్నాడు గ్యాస్ కంపెనీ మనిషి వచ్చాడు. నేను, మీ నాన్న, మీ అమ్మ ఇక్కడే నిలబడి ఉన్నాం. అతను టార్చి వేసి పైకి చూశాడు. మూత సరిగ్గానే ఉంది అన్నాడు. దుంగలు చూశాడు. మసి ఉంది. ఇది తిరగబడి ఉంది, ముడి మంటలో ఉంది అన్నాడు. మసి నా మూత పెట్టింది, అతను దుంగ పెట్టిందనుకున్నాడు. "దీన్ని ఎవరు శుభ్రం చేస్తారు?"

మీ నాన్న మీ అమ్మ వైపు చూశాడు.

"నేనే," అంది. పర్సులోంచి ఆ పెన్సిలు బొమ్మ తీసింది. "నేను దీని ప్రకారమే పెట్టాను. మూడోది గోడవైపే పెట్టాను. పెట్టాననే గుర్తు…"

"గాలి చెడితే అరిచే డబ్బా లేదా?"

"ఉండేది," అన్నాను నేను. "ఊరికే అరిచేది, తీసేశాం."

"నేనే తెచ్చాను. డిస్కౌంటులో కొన్నాను," అంది మీ అమ్మ. ఆ కాగితం వైపు చూసింది, దుంగ వైపు చూసింది, చివరికి తన రెండు చేతులూ చూసుకుంది. "నేనే తప్పు పెట్టి ఉంటాను," అంది.

నేను నోరు తెరవలేదు. చెప్పేస్తే అయిపోయేది. ఎంతసేపు పడుతుంది? మూత నేను వేశాను, అని మూడు మాటలు. నా మాట నత్తనడకే గానీ, మూడు మాటలకి అంత సమయం పట్టదు.

నువ్వు రాయడం ఆపేశావు.

"తాతయ్యా, ఆ రాత్రి నుంచి మా ఇంట్లో చలి కాచుకునే పొయ్యి వెలగలేదు. అమ్మ మంట వైపు చూడదు. స్టవ్ ఆపిందో లేదో నాలుగుసార్లు లేచి చూసుకుంటుంది. తొమ్మిదేళ్ళు! మీరు ఇక్కడ కూర్చుని…" అన్నావు. ఏడుస్తూనే అన్నావు. సరిగ్గా అన్నావు. అది కూడా రాయి, ఒక్క ముక్క వదలకుండా. నన్ను మంచివాణ్ణి చేసేలా ఏదీ దిద్దకు.

ఇంకొకటి ఉంది. ఇది నువ్వు వినడానికి మొదటిదానికంటే కష్టం.

మీ నానమ్మ మూడు వారాలకి ఇంటికి వచ్చింది. మనుషుల్ని గుర్తుపట్టింది, వంట చేసుకుంది, పాత కబుర్లన్నీ చెప్పింది. ఒక్క సూది మాత్రం చేతికి రాలేదు. వేళ్ళు వణికేవి. ఆ కుట్టు తువ్వాలు సగంలోనే ఉండిపోయింది. మీ అమ్మ లోపలికి రానని కారులో కూర్చుంటే, ఈమె పళ్ళెంలో పిరోహీలు పెట్టుకుని, కోటు తగిలించుకుని వెళ్ళి ఆ కారులో కూర్చునేది. ఇద్దరూ అద్దాలన్నీ ఆవిరి పట్టేదాకా మాట్లాడుకునేవాళ్ళు.

ఒక పొద్దున, కాఫీ తాగుతూ, మీ నానమ్మ నాతో అంది: "ఏమయ్యా, ఆ దుంగ తిప్పి పెట్టింది స్లావ్కా కాదు. నేను రోజంతా దాని ఎదురుగానే కదా కూర్చుంటాను. మూడోదాని ముడి గోడవైపే ఉంది. నేను పడిపోయిన రోజు పొద్దున కూడా అలాగే ఉంది. తర్వాత ఎవరో ముట్టుకున్నారు."

నా వైపు చూసింది. అడగలేదు. నాకు చోటు ఇచ్చి ఊరుకుంది.

నేనేమన్నానో తెలుసా? "నీకింకా మతి సరిగా కుదురుకోలేదు దోకియా. ఏవేవో ఊహించుకుంటున్నావు," అన్నాను.

ఆమె కప్పు కింద పెట్టింది. "అలాగే అయి ఉంటుందిలే," అంది. ఆ తర్వాత బతికిన అయిదేళ్ళలో ఆ దుంగ మాట ఎత్తలేదు. నేను విషం పెట్టింది ఒకసారి, తెలియక. ఆమె మతి మీద ఆమెకే అనుమానం పెట్టింది తెలిసి. ఆ రెండోదానికి ఏ డబ్బా అరవలేదు.

అప్పటి నుంచి ఏటా ఈ దుంగల్ని నేనే దులుపుతున్నాను, మీ అమ్మ గీసిన బొమ్మ చూసి. ఆ రోజు ఆమె దాన్ని ఇక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. అంకెలు చదవగలను, అంత చదువు ఉంది. ఈ ఏడు మోకాళ్ళు వంగక నిన్ను పిలిచాను. అదే మంచిదయింది.

నేనే కారు దగ్గరికి వెళ్ళి చెప్పొచ్చు కదా అంటావు. చాలాసార్లు వెళ్ళాను. అద్దం మీద కొట్టాను. దించింది. "చలి ఎక్కువగా ఉంది," అన్నాను. "అవును మామయ్యా," అంది. తిరిగి వచ్చేశాను. నా నోటికి వదిలేస్తే మళ్ళీ చలి గురించే మాట్లాడతాను. అందుకే కాగితం మీద పెట్టించాను.

ఇప్పుడు చివరిది రాయి. స్లావ్కా, నీ చేతులు తప్పు చేయలేదు. అప్పుడూ లేదు, ఎప్పుడూ లేదు. మూత వేసింది నేను, దుంగ తిప్పింది నేను, డబ్బాని బస్తా వెనక దాచింది నేను. నువ్వు తెచ్చిన డబ్బా నిజమే చెప్పింది. నువ్వు చెప్పినట్టు డాక్టరుకి చూపించి ఉంటే ఆమె వేళ్ళు చివరిదాకా అలా వణికి ఉండేవి కావు. నీ కూతురి బిడ్డని నువ్వే ఎత్తుకోవాలి. ఈ ఇంట్లో అంత జాగ్రత్తయిన చేతులు వేరే ఎవరికీ లేవు. నన్ను క్షమించమని అడగను. నువ్వు తిట్టాలనుకుంటే కూర్చుని వింటాను, ఎంతసేపయినా.

దుంగలు మళ్ళీ పేర్చకు, ఒరీస్యా. పేపర్ల మీద అలాగే ఉండనీ. మూడోది కూడా. ఆమె వస్తే పేరుస్తుంది. రాకపోతే ఈ చలికాలం పొయ్యి లేకుండానే గడుపుతాను.

అదిగో, కారు వచ్చింది. కోటు వేసుకో, బయట మైనస్ పన్నెండు. ముందు ఆమెని ఇంజను ఆపమను. తర్వాత ఆమె పక్కన కూర్చుని, ఇదంతా మొదటి నుంచి చదివి వినిపించు. నేను చెప్పినంత మెల్లగా చదువు. చదివినంతసేపూ నేను ఈ తలుపు బార్లా తీసి పట్టుకుని నిలబడతాను. వేడంతా బయటికి పోతుంది. పోనీ.